మున్నీ ఎక్కని చోటు

ఆగస్టు 11, ఆదివారం

పదో తరగతి తర్వాత మళ్లీ డైరీ రాయడం ఇదే. ఇంట్లో మాట్లాడే మనిషి లేనప్పుడు ఏదో ఒకటి చెయ్యాలి కదా. అత్తకు తెలుగు చదవడం రాదు, ఖురాన్ మాత్రం చూసి చదువుతుంది. కాబట్టి దాచే పని కూడా లేదు, కుట్టుమిషన్ సొరుగులో పడేస్తే చాలు.

ఫిరోజ్ పోయింది పీర్ల పండగ మొదలైనప్పుడు. పలకల ఫ్యాక్టరీ నుంచి వచ్చి మంచం మీద కూర్చుని "నసీమా, మంచినీళ్లు" అన్నాడు. నేను చెంబు తెచ్చేలోపు పోయాడు. గుండె అన్నారు. అత్త పక్కనే ఉంది. ఆమె నన్ను ఆరోజు ఒక్క మాట అనలేదు, తర్వాతా అనలేదు. అసలు నాతో మాట్లాడటమే మానేసింది. నీళ్లు కూడా అడగదు. మోకాళ్లు పట్టుకుని మూలుగుతూ లేచి తనే ముంచుకుంటుంది. నా మీద కోపం. ఎందుకో తెలుసుకోలేనంత పసిపిల్లనా నేను?

నాలుగు నెలల పది రోజుల ఇద్దత్. మొగుడు పోయిన ఆడది అంతవరకు గడప దాటకూడదు, పరాయి మగాళ్ల కంట పడకూడదు. సరే. దాటి మాత్రం ఎక్కడికి పోతాను?

ఈరోజు రాయాలనిపించింది ఎందుకంటే, మధ్యాహ్నం వానలో పక్కింటి స్లాబు మీంచి మా దొడ్లోకి ఒక పిల్లిపిల్ల పడింది. పడటం కూడా నేరుగా నీళ్ల తొట్టిలో. తీసి కొంగుతో తుడిచాను. రంగు అచ్చం మార్కాపురం పలక. నుదుటి మీద బలపంతో గీసినట్టు తెల్లటి గీత. గుప్పెడంత కూడా లేదు గానీ అరుపు మాత్రం బస్టాండు దాకా వినపడుతుంది.

వాన తగ్గాక వదిలేస్తాను. నాకెందుకు పిల్లి?

ఆగస్టు 12

వాన తగ్గలేదు.

ఆగస్టు 13, మంగళవారం

వాన తగ్గింది. రేపు వదులుతాను.

ఫిరోజ్ మేనత్త మస్తాన్‌బీ వచ్చింది. ఈవిడ వచ్చేది నన్ను ఓదార్చడానికో, తనిఖీ చెయ్యడానికో ఆ దేవుడికే తెలియాలి. వస్తూనే నా ఒళ్లో పిల్లిపిల్లను చూసింది.

"ఏంది ఇది? ఇద్దత్ ఇంట్లో పిల్లా? మగదా ఆడదా చూసినారా? ఇద్దత్‌లో ఉన్న మనిషి కాడ మగపురుగు గూడా ఉండగూడదు తల్లీ."

"దోమలు చానా ఉండాయి పెద్దమ్మా. వాటిని ఎట్ల చూడాల?" అన్నాను. నా నోరు నాకు శత్రువు.

ఆవిడ మొహం మాడిపోయింది. వెంటనే అవతల పడేయమంది. నేను కొంగు ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాను. అప్పుడు అత్త లేచి వచ్చింది. పిల్లిపిల్లను మెడ దగ్గర పట్టి ఎత్తింది, తోక లేపి చూసింది, మళ్లీ నా ఒళ్లో పెట్టింది.

"ఆడది," అంది.

అంతే. మళ్లీ పోయి తన కుర్చీలో కూర్చుంది. అత్త చెప్పాక ఎదురు చెప్పేవాళ్లు మా వీధిలో లేరు. ఆమెది తర్లుపాడు దగ్గర మేకల ఇల్లు. బక్రీదుకు ముందు వీధి మొత్తం ఆమెను వెంటబెట్టుకుని సంతకు పోతుంది. దూరంనించే చూసి ఏది పోతు, ఏది మేక, దేనికి ఎన్ని పళ్లు పడ్డాయో చెప్పేస్తుంది. మస్తాన్‌బీ పెద్దమ్మ "ఆడదైతే ఉండనీలే" అని టీ తాగి పోయింది.

మున్నీ అని పేరు పెట్టాను. వదిలేసేదానికి పేరు ఎందుకని అడగడానికి ఇక్కడ ఎవరున్నారు?

ఆగస్టు 16

మంచం ఎక్కింది, దించాను. ఎక్కింది, దించాను. ఎక్కింది. ఉండనిచ్చాను.

ఆగస్టు 21, బుధవారం

పిల్లి శాపాలకు ఉట్లు తెగవంటారు. మా మున్నీకి శాపాలతో పనేముంది, గోళ్లున్నాయి.

మొదట మిషన్ ఎక్కేది. నేను జాకెట్టు కుడుతుంటే దారంతో పాటు తనూ ఊగేది. ఆ తర్వాత తలుపు పరదా పట్టుకుని సగం దాకా పాకి, దిగడం రాక అక్కడే వేలాడుతూ ఏడ్చేది. దించితే థాంక్స్ లేకపోగా మళ్లీ అక్కడికే. నిన్నటినించి కొత్త దారి కనిపెట్టింది. మంచం మీంచి ఫిరోజ్ చొక్కా, చొక్కా మీంచి గూడు, గూట్లోంచి సజ్జ. సజ్జ మీద నా పెళ్లి సూట్‌కేసు ఉంది. దాని మీద కూర్చుని కిందికి చూస్తుంది, ఎమ్మార్వో ఆఫీసులో సారు చూసినట్టు.

ఆ చొక్కా చివరిరోజు వేసుకున్నది కాదు, ముందురోజుది. చిలక్కొయ్యకు అలాగే ఉంది. ఉతకలేదు.

చొక్కా కొంచెం పైకి తగిలించాను. మున్నీ కొంచెం ఎక్కువ ఎగిరింది.

ఆగస్టు 25, ఆదివారం

పక్కింటి వెంకటసుబ్బులమ్మక్క గోడ మీంచి సలహా ఇచ్చింది. పిల్లులకు బత్తాయి తొక్కల వాసన పడదట. వాళ్ల తోట అర్ధవీడు వైపు. ఒక బుట్టెడు తొక్కలు అందించింది, "సజ్జ మీద పరుచు చెల్లె, దాని తాత గూడా ఎక్కడు" అంది. పరిచాను. ఇల్లంతా జ్యూస్ షాపులా ఉంది. మున్నీ తొక్కలు ఒక్కొక్కటే కిందికి తోసి ఆడుకుంది. ఒకటి అత్త తల మీద పడింది. అత్త ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేది.

అంచున గిన్నెలు పేర్చాను, పడితే చప్పుడుకు జడుసుకుంటుందని. పడ్డాయి. జడుసుకుంది నేను.

నీళ్లు చల్లాను. అది తుడుచుకుంది. ఇల్లు నేను తుడుచుకున్నాను.

ఆగస్టు 30, శుక్రవారం

పామూరునించి అన్న వచ్చాడు. చాంద్ బాషా అంటే పామూరులో తెలియని వాళ్లుండరు, బైకు మెకానిక్ షాపు. ఇద్దత్ అయ్యాక నన్ను తీసుకుపోతానన్నాడు. ముందుగది ఖాళీ చేయిస్తాడట, మిషన్ అక్కడే పెట్టుకోవచ్చట, పామూరులో జాకెట్లు కుట్టేవాళ్లకు గిరాకీ బాగా ఉందట.

"ఈడ నీకు ఎవరుండారమ్మా?" అన్నాడు.

అత్త అక్కడే బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు. ఆమె ఒక్క మాట అంటుందేమోనని చూశాను. ఏమనాలని నా ఆశ? పొమ్మనా, ఉండమనా? బియ్యంలో రాళ్లు అంత ముఖ్యమా?

ఆలోచించి చెబుతా అన్నాను. గోడమీది పిల్లి అంటారు ఇలాంటిదాన్ని. నిజం పిల్లి మాత్రం గోడ మీద లేదు, అన్న హెల్మెట్‌లో పడుకుని ఉంది.

సెప్టెంబరు 6

చొక్కా చిరిగింది.

సెప్టెంబరు 7, శనివారం

నిన్న రాయలేకపోయాను.

మున్నీ ఎగిరి చొక్కా పట్టుకుంది. ఇప్పుడు బరువు పెరిగింది కదా, జేబు దగ్గరనించి కింది దాకా పర్రుమని చిరిగి రెండూ కింద పడ్డాయి. నాకు ఏమైందో తెలియదు. దాన్ని ఎత్తి దొడ్లోకి విసిరాను. "దీన్ని ఎక్కడన్నా వదిలేసి రా అత్తమ్మా, నాకొద్దు, నాకేమీ వద్దు" అని అరిచాను. ఫిరోజ్ పోయిన రోజు కూడా నేను అంత గట్టిగా అరవలేదు.

చొక్కా మొహానికి పెట్టుకుని చూశాను. వాసన ఎప్పుడో పోయింది. పిల్లి వాసన, బత్తాయి వాసన. ఆ వాసన ఎప్పుడు పోయిందో కూడా గమనించలేదు నేను. ఉందనుకుంటూ ఇన్నాళ్లూ కాపలా కాశాను. అదే ఎక్కువ ఏడిపించింది.

అత్త వచ్చి చొక్కా వైపు చూసి వెళ్లిపోయింది. ఆమెకూ అది కొడుకు చొక్కా. నేను తనకిచ్చి ఉండాల్సింది.

చొక్కా మడిచి సూట్‌కేసులో పెట్టాను.

సెప్టెంబరు 8, ఆదివారం

అత్త మున్నీని వదిలిపెట్టలేదు. పొద్దున లేచేసరికి వసారాలో గుంజకు కిందనించి పైదాకా పాత గోనెసంచి చుట్టి, పురికొసతో బిగించి కడుతోంది. ఆ వేళ్లతో ముడి ఎలా వేస్తుందో! నన్ను పట్టుకోమని కూడా అనలేదు. నేనే వెళ్లి పట్టుకున్నాను. గుంజ పైన, గోడలో ఉన్న రాతి బల్ల మీద పాత దుప్పటి ముక్క వేయించింది.

"ఎందుకిది?" అన్నాను.

"మేకపిల్లలు గూడా ఇంతే. దొడ్లో ఒక పెద్ద గుండు దొర్లించి పెడతాం. దాని మీద ఎక్కి ఎక్కి వాటి చావు అవి చస్తాయి, మనిషి నెత్తికెక్కవు. ఎక్కేదాన్ని ఎక్కొద్దంటే ఎట్ల? దానికొక చోటు జూపియ్యాల."

ఆమె ఇన్ని మాటలు ఒకేసారి మాట్లాడటం పీర్ల పండగ తర్వాత ఇదే. అవీ పిల్లి గురించే. సరేలే.

మున్నీ గుంజ వైపు చూసింది. వాసన చూసింది. ఎక్కింది. పైన కూర్చుని మా ఇద్దరినీ చూసింది.

సెప్టెంబరు 16, సోమవారం

మిలాద్ పండగ ఊరేగింపు వీధి చివరనించి పోయింది. మైకు విన్నాను. ఎవరో పిల్లలకు షర్బత్ పంచుతున్నారు, గొడవ. ప్రతి ఏడాదీ ఫిరోజే పంచేవాడు.

తలనొప్పిగా ఉంటే పడుకున్నాను. మెలకువ వచ్చేసరికి వసారాలో మాటలు. ఎవరో వచ్చారనుకున్నాను. కిటికీలోంచి చూస్తే అత్త ఒక్కతే. ఒళ్లో మున్నీ.

ఈ ఇంట్లో మున్నీ ఎక్కని చోటు ఏదైనా ఉందంటే అది అత్త ఒడే అనుకున్నాను ఇన్నాళ్లూ. నేను చూస్తుండగా ఎప్పుడూ దగ్గరికి రానివ్వదు, కొంగుతో అదిలిస్తుంది. ఇప్పుడేమో దాని వీపు నిమురుతూ మాట్లాడుతోంది. ఫిరోజ్ చిన్నప్పుడు పెంకుల మీదికెక్కి దిగలేక ఏడ్చేవాడట. వాళ్ల నాయన బెల్టు తీసుకుంటే ఇంకా పైకి ఎక్కేవాడట. నాకు ఈ సంగతి తెలియదు. నాకు ఎవరూ చెప్పలేదు.

పిల్లితో చెబుతుంది. నాతో చెప్పదు. కుళ్లు పుట్టింది నాకు, గుప్పెడు పిల్లి మీద. ఇంతకన్నా దిగజారడం ఉంటుందా?

అన్నకు ఫోన్ చేసి వస్తానని చెప్పాను.

అక్టోబరు 2

గదిలోంచి వసారా, వసారాలోంచి దొడ్డి, దొడ్లోంచి గది. కాలుగాలిన పిల్లి అని నన్నే అనాలి. మున్నీ హాయిగా గుంజ మీద నిద్రపోతోంది.

అక్టోబరు 13, ఆదివారం

అన్న ఫోన్. అన్నీ సిద్ధం చేశాడట, ముందుగదికి సున్నం కూడా కొట్టించాడట. చివర్లో నసిగాడు. "పిల్లిని మాత్రం తేవద్దు చెల్లె. మీ వదినకు పడదు. ఆయాసం."

వదినను ఏమనగలను? ఆమెకు నిజంగానే ఆయాసం.

ఫోన్ పెట్టేసి అత్తకు చెప్పాను, ఇద్దత్ అయిన మర్నాడే అన్న వస్తాడని. కావాలనే గట్టిగా చెప్పాను.

"నీ ఇష్టం," అంది.

మున్నీని తేవద్దన్నాడని కూడా చెప్పాను.

"అది ఈన్నే ఉంటాది," అంది.

పిల్లికి మాత్రం ఉండే చోటు ఉంది.

అక్టోబరు 31, గురువారం, దీపావళి

చాలా పొద్దుపోయింది. అయినా రాయాలి.

దీపాలు పెట్టే వేళకు వీధిలో టపాకాయలు మొదలయ్యాయి. మున్నీని గదిలో పెట్టి తలుపేశాను, కిటికీ సంగతి మరిచాను. ఎవరో మా గోడ పక్కనే లక్ష్మీబాంబు పేల్చారు. మున్నీ కిటికీలోంచి ఉరికి, గుంజ ఎక్కి, గోడ ఎక్కి, వెంకటసుబ్బులమ్మక్క స్లాబు ఎక్కి, అక్కడితో ఆగకుండా వాళ్ల నీళ్ల ట్యాంకు నెత్తికెక్కింది. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందని వెక్కిరిస్తారు. ఇది రెండూ ఎగిరింది. దిగడమే రాదు. ట్యాంకు మూత మీద ముడుచుకుని ఒకటే అరుపు. ఇంకో బాంబు పేలితే అటు వీధిలోకి దూకేలా ఉంది.

నేను గడప దాకా పరుగెత్తాను. వీధి నిండా మగవాళ్లు, మగపిల్లలు. ఒక కాలు ఎత్తాను కూడా. వెనకనించి అత్త నా చెయ్యి పట్టుకుంది.

"నువ్వు ఆగు. ఇన్ని దినాలు ఉండి ఇప్పుడెందుకు? నేను పోతా."

"నీ మోకాళ్లు..."

"నా మోకాళ్లు నాతోనే వస్తాయిలే."

ఈ మనిషి నమాజు కుర్చీలో కూర్చుని చేస్తుంది. అత్త వెంకటసుబ్బులమ్మక్క వాళ్లింట్లోకి పోయింది. నేను దొడ్లోకి వచ్చి పైకి చూస్తూ నిలబడ్డాను. చాలాసేపటికి స్లాబు మీద తల కనిపించింది. అక్క ఆమె నడుం పట్టుకుని "వద్దు పిన్నమ్మా, మా ఆయన్ను పిలుస్తా, ఉండు" అంటోంది. వింటేగా! కొంగు నడుముకు దోపి, ట్యాంకుకున్న ఇనప నిచ్చెన ఎక్కింది. ఒక్కో మెట్టుకూ రెండు కాళ్లూ పెట్టి, ఆగి, మళ్లీ. ఆకాశంలో రాకెట్లు పేలుతున్నాయి, ఆ వెలుగులో అత్త కనిపిస్తోంది, మళ్లీ చీకటవుతోంది. నేను కింద నిలబడి చదివిన దువా మళ్లీ మళ్లీ చదువుతున్నాను. ఈ ఇంట్లో ఇంకొకరు పోతే నేను బతకను. ఆ మాట అప్పుడు మనసులో స్పష్టంగా అనుకున్నాను.

మున్నీ ఆమె భుజం మీదికి దూకి మెడ పట్టుకుంది.

ఇంట్లోకి వచ్చేసరికి అత్త మెడ నిండా గోళ్ల గీతలు, రక్తం. గుమ్మంలోనే కూలబడి మున్నీని నా ఒళ్లో పడేసింది. రొప్పుతోంది. ఆ తర్వాత అంది.

"నసీమా, మంచినీళ్లు."

నేను వంటింట్లోకి ఎలా పోయానో, చెంబు ఎలా ముంచానో తెలియదు. సగం నీళ్లు దారిలోనే ఒలికిపోయాయి. తిరిగి వచ్చేసరికి ఆమె ఉంది. అక్కడే ఉంది. చెయ్యి చాచి చెంబు తీసుకుంది, గటగటా తాగింది, మూతి తుడుచుకుని "చల్లగుండాయి" అంది.

నేను ఆమె పక్కనే కూర్చుని ఏడ్చాను. ఆమె నా తల మీద చెయ్యి వేయలేదు, పక్కకు జరగనూ లేదు. మోకాలు మాత్రం నా మోకాలికి ఆనించి ఉంచింది.

నవంబరు 1

అత్త మోకాళ్లకు కాపడం పెట్టాను. పెట్టనిచ్చింది.

నవంబరు 10, ఆదివారం

సూట్‌కేసు సజ్జ మీంచి దించాను. చీరలు సర్దాను, చొక్కా అన్నిటికంటే పైన. మూత తెరిచి ఉంటే చాలు, మున్నీ వచ్చి పడుకుంటుంది. లేపితే మళ్లీ వస్తుంది.

అత్త రోజూ ఒకసారి వచ్చి చూసి పోతుంది. "దువ్వెన పెట్టుకున్నావా?" "పెట్టుకున్నా." "మిషన్ నూనె డబ్బీ?" "పెట్టుకున్నా." ఇవీ మాటలు. ఉండు అన్న మాట ఒక్కటి తప్ప అన్నీ అడుగుతోంది.

నవంబరు 15, శుక్రవారం

నిన్న సాయంత్రం మగ్రిబ్ నమాజుతో ఇద్దత్ అయిపోయింది. తలంటుకున్నాను. మధ్యాహ్నం జుమ్మా నమాజుకు ముందే అన్న వచ్చాడు, రేపు పొద్దున ప్రయాణం.

అన్న అన్నం తింటుంటే మున్నీ వచ్చి ఒళ్లోకెక్కింది. వద్దన్న పిల్లినే ముద్దు చేశాడు, ఎముక కూడా పెట్టాడు. వెల్లకిలా పడుకోబెట్టి పొట్ట నిమురుతూ ఉన్నట్టుండి నవ్వాడు.

"ఏంది చెల్లె ఇది? పోతుపిల్లి గదా! మున్నీ ఏంది మున్నీ? ఇంత పెద్దదయింది, మీకు ఇంకా తెలీలా?"

నాకు తెలియదు. నిజంగానే చూడలేదు నేను. అత్త "ఆడది" అందంటే మళ్లీ చూసే పనేముంది?

వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది.

అన్న మసీదుకు పోయాక లోపలికి వెళ్లాను. అత్త పొయ్యి వైపు తిరిగి ఉంది.

"నీకు ముందే తెలుసు గదా అత్తమ్మా?"

"మేకల్లో పుట్టి పెరిగినదాన్ని. నాకు తెలీకుండా ఉంటాదా?"

"మరి పెద్దమ్మతో అట్ల చెప్పినావేంది?"

"మగదంటే ఆమె ఊరుకుంటాదా? పిల్లికి ఇద్దత్ ఏంది, ఏ కితాబులో ఉంది, అని ఆమెతో కొట్లాడే ఓపిక నాకు లేదు." గరిటె పక్కన పెట్టింది. "నువ్వు దాన్ని కొంగులో పొదువుకొని ఉండావు. వాడు పోయినాక నువ్వు దేన్నన్నా అట్ల పట్టుకోవడం అదే మొదలు. నేనా, మాట్లాడే మనిషిని కాను. నోరు తెరిస్తే ఏడుపొస్తాది నాకు. అదన్నా నీకు తోడుంటదని చెప్పినా. అబద్ధమే. అల్లా అడిగితే నేను చెప్పుకుంటాలే."

"నన్ను నీళ్లు ఎందుకు అడగలా ఇన్ని దినాలు?"

గిన్నె మీద మూత తీసి మళ్లీ పెట్టింది.

"మూడో దినం ఒకసారి అడిగినా. నీకు గుర్తు లేదు. చెంబు పట్టుకుని వస్తా ఉంటే నీ మొగం జూసినా. ఇంక ఎప్పుడూ అడగగూడదనుకున్నా."

నేను పొయ్యి గట్టు పట్టుకుని నిలబడ్డాను. ఇన్ని నెలలు ఈ ఇంట్లో ఇద్దరం, ఒకరికి దెబ్బ తగలకుండా ఒకరం తప్పుకుని తిరిగాం. నేనేమో అది కోపమని రాసుకుంటూ కూర్చున్నాను.

"ఉండమని ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోయింది?" అన్నాను. గొంతు పెద్దదైంది.

"అంటే ఉంటావు. ముసలిది, మోకాళ్లు పోయినాయి అని జాలిపడి ఉంటావు. ఆ జాలి నాకొద్దు. నీకింకా వయసుంది. నీకు యాడ బాగుంటే ఆడ ఉండు."

కూర మాడింది. ఇద్దరం చూడలేదు.

నవంబరు 16, శనివారం

పొద్దున్నే చెప్పులు వేసుకుని గడప దాటాను. పక్కింటికి పోయి, మెట్లెక్కి, వెంకటసుబ్బులమ్మక్క వాళ్ల స్లాబు మీదికి వెళ్లాను. ఊరు ఎక్కడిది అక్కడే ఉంది. ట్యాంకు పక్కన ఇనప నిచ్చెన పట్టుకుని చూశాను. ఒక మెట్టు ఊగుతోంది. దీనిమీదే ఎక్కింది ఆమె.

దిగి వచ్చి అన్నకు చెప్పాను, రానని. అన్న మొహం చిన్నబోయింది. "బట్టలన్నీ సర్దినావు గదమ్మా?" అన్నాడు.

"సర్దినా. తీస్తా."

"పిల్లి కోసమా?"

"పిల్లి కోసం కాదన్నా."

నన్నూ అత్తనూ మార్చి మార్చి చూశాడు. పండగకు రమ్మని, వదినకు ఫోన్ చెయ్యమని చెప్పి బైకెక్కాడు. అత్త మాత్రం ఏమీ ఎరగనట్టు బియ్యం ఏరుతూనే ఉంది. ఏరిన బియ్యమే మళ్లీ ఏరుతోందని నేను చెప్పలేదు.

సూట్‌కేసు ఖాళీ చేసి సజ్జ మీద పెట్టాలి. వాడు చొక్కా మీద ముడుచుకుని నిద్రపోతున్నాడు. పేరు మార్చాలా అని అడిగితే "పిలిస్తే పలుకుతాడు గదా, చాలు" అంది అత్త. లేచినాక పెడతాను.

అత్త పిలుస్తోంది. మంచినీళ్లు కావాలట.